నిజ్వాలో మేయరుగిరీ

చరిత్రలో ఎం.ఏ. చదివినందుకు లోకం ఏనాటికైనా తనను గుర్తిస్తుందని సత్యనారాయణమూర్తి గట్టి నమ్మకం. కాకినాడలో ఆ డిగ్రీని చూసి పిల్లనిచ్చారే గాని ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. ఒమాన్ వచ్చి, నిజ్వా ఊరి బయట రోడ్లూ వంతెనలూ కట్టే కంపెనీలో అడ్మిన్ మేనేజరుగా కుదురుకున్నాక కూడా మౌర్యులతో గాని మొగలాయీలతో గాని ఆయనకు పని పడలేదు. ఆయన పాలించేదల్లా మంచాలు, పరుపులు, వీసా కాగితాలు, మెస్సు, నీళ్ల ట్యాంకర్లు. అలాంటిది ఒకరోజు కంపెనీ జనరల్ మేనేజరు విట్‌కాంబ్ తన గదిలోకి పిలిచి, "మూర్తీ, నువ్వు చరిత్రకారుడివట కదా! నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

మూర్తికి కళ్లనీళ్లు తిరిగినంత పనైంది.

విట్‌కాంబ్ అమెరికావాడు. పొడుగ్గా, ఎర్రగా, ఎండకు తోలు రేగిన ముక్కుతో ఉండేవాడు. ఆయనకు తెలిసిన విషయాలు రెండే: ఒకటి కాంక్రీటు, రెండు తన తాతకు తాత. ఈ రెండో ఆయన పేరు ఎజ్రా విట్‌కాంబ్. పద్దెనిమిది వందల యాభైల్లో మిల్‌హేవెన్ అనే నది ఒడ్డు పట్నానికి మేయరు. పీపాలు చేసుకు బతకడానికి వచ్చినవాడు, బురద వీధుల్లో పందులు తిరిగే ఆ ఊరికి గ్యాసు దీపాలు పెట్టించాడట, మురుగు కాల్వలు తవ్వించాడట, ఇంటింటికీ నీళ్లు తెప్పించాడట. ఆయన జీవితాన్నంతా విట్‌కాంబ్ గారి మేనత్త మార్తా అనే ఆవిడ సొంత డబ్బుతో అచ్చు వేయించింది. తలగడంత పుస్తకం.

"దీన్ని నాటకంగా రాయి," అన్నాడు విట్‌కాంబ్. "జనవరిలో మన వార్షికోత్సవానికి వేద్దాం. క్యాంపులో వర్కర్లే వేయాలి. నాయకత్వమంటే ఏమిటో వాళ్లకు అర్థం కావాలి."

క్యాంపు వాళ్లకు ఆ ముక్క అర్థమై చాలా కాలమైంది. మూడేళ్ల కిందట అది నాలుగు పోర్టా క్యాబిన్లు, అంటే లారీ మీద తెచ్చి దించే రేకు గదులు. కొత్త రోడ్డు పని వచ్చాక ఏ బ్లాకు, బీ బ్లాకు, సీ బ్లాకు అని పెరిగి పెరిగి ఒక ఊరంతైంది. నీళ్ల ట్యాంకు మాత్రం నాలుగు క్యాబిన్ల నాటిదే. తెల్లారకముందే లేచి బకెట్లు పట్టుకుని బారులు తీరే జనానికి నాయకత్వం లేని లోటేమిటో మూర్తి చెప్పనక్కర్లేదు. ఆయనా చెప్పలేదు. "తప్పకుండా సార్, నా అదృష్టం సార్," అని పుస్తకం గుండెకు హత్తుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

మార్తా అత్తయ్య రాసింది చదువుతుంటే మూర్తికి రెండు రోజులు పూనకం వచ్చినట్టుంది. మూడో రోజు కాస్త తగ్గింది. ఆవిడ కల్లాకపటం తెలియని మనిషి; తాత చేసిందంతా ఒకే గర్వంతో రాసుకుంటూ పోయింది. నీళ్ల కాంట్రాక్టును ఎజ్రాగారు సొంత బావమరిదికే ఇచ్చారట, 'కుటుంబం మీద ఆయనకున్న నమ్మకం అటువంటిది.' తనకు ఓట్లేయని పేటకు గొట్టాలు ఆఖర్న వేయించారట, 'కృతజ్ఞత అనేది జనం నేర్చుకోవలసిన గుణం.' కలరా వచ్చిన వేసవిలో ఊపిరితిత్తులు సున్నితమని సరస్సు ఒడ్డున విడిదికి వెళ్లారట, 'అక్కడి నుంచే పట్నం కోసం పగలూ రాత్రీ ప్రార్థించారు.' ఆయన తిరిగి వచ్చేసరికి కాల్వలు తవ్విన ఐర్లండు కూలీలు సగం మంది పోయారు. వచ్చే ఎన్నికల్లో ఇంటింటికీ ఎండబెట్టిన పంది తొడ పంపి ఆయన మళ్లీ గెలిచారు.

మూర్తి భార్య శేషుకుమారి అక్కడి ఇండియన్ స్కూల్లో సోషల్ టీచరు. ఆవిడ ఆ పేజీలు చదివి, "ఏవండీ, ఇదంతా కూడా వేస్తారా స్టేజీ మీద?" అంది.

"ఛ, ఊరుకో. నాటకానికి ఏది అవసరమో అదే తీసుకుంటాం. దాన్ని కళ అంటారు."

"మా స్కూల్లో దాన్ని కాపీ కొట్టడం అంటారు, అదీ సగమే."

మూర్తి వినిపించుకోలేదు. బావమరిదిని తీసేశాడు, ఆలస్యమైన గొట్టాలను తీసేశాడు, సరస్సును పూడ్చేశాడు. కలరా సీనులో ఎజ్రా ప్రతి కూలివాడి తలా ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించేటట్టు రాశాడు. రాసుకుంటూ తనే ఏడ్చాడు.

మేయరు వేషానికి వహీద్‌ను మించినవాడు దొరకలేదు. వహీద్ రాయచోటి మనిషి, క్యాంపు నుంచి సైటుకు బస్సు తోలేవాడు. నిండైన విగ్రహం, చెంపల మీదికి దిగిన మీసాలు. హారన్ కొట్టకుండా ఒక్క కేకతో వెనక సీట్లో నిద్రపోయేవాణ్ణి లేపగలడు. నిజ్వా సూక్‌లో, అంటే అక్కడి పాత బజారులో, దర్జీ దగ్గర నల్ల పొడుగు కోటు కుట్టించారు. అట్టతో ఎత్తైన టోపీ చేసి నల్ల మఖ్మల్ అతికించారు. కోటు తొడుక్కున్న నాటి నుంచి వహీద్ నడక మారింది. చచ్చిపోయే కూలి వేషం బీ బ్లాకులో ఉండే తాపీమేస్త్రీ ఇస్తారికి పడింది. జగిత్యాల వైపు మనిషి. సన్నగా ఉండేవాడు కాబట్టి కలరాకు బాగుంటాడని మూర్తే ఎంచాడు.

రిహార్సల్‌లో ఇస్తారికి ఒకటే సందేహం. "సార్, నాకు కలరా ఎట్లొచ్చింది?"

"నీళ్ల వల్లనోయ్. మంచి నీళ్లు కావు."

"మరి నీళ్లు తెప్పిచ్చింది గీ మేయరే గద సార్?"

"నువ్వు చచ్చిపో ముందు," అన్నాడు మూర్తి విసుగ్గా. "ప్రశ్నలు తర్వాత."

జనవరి చలిలో, మెస్సు ముందు వేసిన స్టేజీ మీద నాటకం బ్రహ్మాండంగా సాగింది. కొంత హిందీ, కొంత తెలుగు. ఇస్తారి చచ్చిపోయిన తీరుకు మలయాళీలు కూడా కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో విట్‌కాంబ్ ముక్కు ఇంకా ఎర్రబడింది. ఆఖరి సీనులో వహీద్ టోపీ తీసి, చెయ్యెత్తి, "నా పట్నంలో కూలివాడు మురికినీళ్లు తాగే రోజు ఇయ్యాల్టితో ఆఖరు!" అన్నాడు. నాటకం అక్కడితో అయిపోవాలి. కాని కోటు తొడుక్కున్నవాడు అంత తేలిగ్గా ఆగడు.

"ఒక్క ఆ పట్నంలోనే గాదు బయ్యా!" అంటూ వహీద్ స్టేజీ అంచుకు వచ్చాడు. "ఈ క్యాంపులో గూడా! బకెట్ పట్టుకోని లైన్లో నిలబడి నిలబడి కాళ్లు పీక్కపోతా ఉండాయి. ఆ తాతకుండే గుండెకాయ ఈ మనవడికి ఉంటే రెండో ట్యాంకు పెట్టమని సెప్పండప్పా!"

క్యాంపు క్యాంపంతా లేచి ఈలలు వేసింది. విట్‌కాంబ్ ఆనందంగా మూర్తి చెవి దగ్గరికి వంగి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు.

మనవడి గుండెకాయ ప్రస్తావన ఇంగ్లీషులోకి తెస్తే తన ఉద్యోగం ఎక్కడికి పోతుందో మూర్తికి తెలుసు. "మీ తాతగారి లాంటి మేయరు తమకూ ఒకడు ఉంటే బాగుండునంటున్నారు సార్," అన్నాడు.

విట్‌కాంబ్ స్టేజీ ఎక్కి వహీద్‌ను కౌగిలించుకున్నాడు. ఇక నుంచి క్యాంపుకు ఏడాదికొక మేయరు ఉంటాడని, వర్కర్లే ఓట్లేసి ఎన్నుకోవచ్చని, అతని మాట తాను స్వయంగా వింటానని ప్రకటించాడు. ట్యాంకు అడిగినవాళ్లకు మేయరు మంజూరయ్యాడు.

"ట్యాంకును మేయరని తర్జుమా చేశారన్నమాట," అంది శేషుకుమారి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. "ఎం.ఏ. అంటే మాటలా!"

ఎన్నికల్లో వహీద్‌కు ఎదురులేదు. బీ బ్లాకువాళ్లు సరదాకు ఇస్తారి పేరు ఇచ్చి, తమ ఓట్లన్నీ అతనికే గుద్దారు గాని మిగతా క్యాంపంతా కోటుకే వేసింది.

నిజం చెప్పుకోవాలి, మొదట్లో వహీద్ బాగానే చేశాడు. కోటు వేసుకుని, టోపీ చంకలో పెట్టుకుని విట్‌కాంబ్ గదికి వెళ్లి నిలబడితే ఆయన తాతకే లేదని చెప్పలేక రెండో ట్యాంకు ఇచ్చేశాడు. స్నానాల గదుల దారిలో దీపాలు పడ్డాయి. గల్లీలకు పేర్లు పెట్టారు. కడప బజారు వచ్చింది, కేరళ జంక్షన్ వచ్చింది. సెప్టిక్ ట్యాంకు వైపు వెళ్లే దారికి గౌరవంగా విట్‌కాంబ్ అవెన్యూ అని బోర్డు పెట్టి, దాన్ని విట్‌కాంబ్ చేతనే ఆవిష్కరింపజేశారు. ఆయన దాని పక్కన నిలబడి ఫోటో దిగి అమెరికా పంపుకున్నాడు.

మార్చిలో వహీద్ ఒక మనిషిని వెంటబెట్టుకుని మూర్తి ఆఫీసుకు వచ్చాడు. "మా బామ్మర్ది సార్, యాసిర్. పక్కన సమాయిల్ ఊర్లో ట్యాంకర్ నడుపుతాండాడు. మన క్యాంపు నీళ్లు ఇంగ వీడే తోల్తాడు. ముదీర్ సరే అన్న్యాడు."

ముదీర్ అంటే క్యాంపు భాషలో విట్‌కాంబ్. ఈ బావమరిదిని మూర్తి ఎక్కడో చూశాడు. చూడటమేమిటి, తన చేత్తో తీసేశాడు. కాని జనరల్ మేనేజరు సరేనన్నాక అడ్మిన్ మేనేజరు కాదనడం చరిత్రలో ఎక్కడా లేదు. సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలైంది. యాసిర్ ట్యాంకరు వచ్చి ఏ బ్లాకు డ్రమ్ములు నింపేది, సీ బ్లాకు డ్రమ్ములు నింపేది. తిరిగి తిరిగి అడుగున మిగిలింది బీ బ్లాకుకు వచ్చేది. కొన్ని రోజులు అదీ వచ్చేది కాదు. వహీద్ బస్సు తోలడం మానలేదు గాని ముందు సీటు తన మనుషులకు ఉంచేవాడు. మెస్సులో అతనికి వేరే పళ్లెం వచ్చింది. అట్ట టోపీ చెమటకు మెత్తబడితే ఇంకోటి చేయించాడు.

మూర్తి ఒక సాయంత్రం బస్సు దగ్గర అతణ్ణి పట్టుకున్నాడు. "ఏవిటోయ్ ఇది? బీ బ్లాకువాళ్లు మనుషులు కారా?"

"ఓట్లు యాడ ఏసినారు సార్ వాళ్లు నాకు?"

"మేయరు అందరికీ మేయరు. నాటకంలో ఎన్నిసార్లు చెప్పావు ఆ డైలాగు?"

"అది మీరు రాసింది గదా, సెప్పినా," అన్నాడు వహీద్ వినయంగానే. "ఇది ఎవురు రాసిందీ గాదు సార్, నేనే సేస్తాండా. మీ తాతకు... అదే, ముదీర్ తాతకు ఇట్లాంటి గోడు లేకుండునా? అన్ని ఊర్లలో ఉండేదే."

దీనికి జవాబు మార్తా అత్తయ్య పుస్తకంలో ఉంది, అది వహీద్‌కే అనుకూలం. మూర్తి ఇంటికి వెళ్లి భార్యతో చెబితే ఆవిడ నవ్వలేదు. "మీరు కోసేసిన పేజీలన్నీ చదవకుండానే నేర్చుకున్నాడే పాపం. మరి తర్వాత ఏముందో మీకు తెలుసు కదా? ఏమైనా చెయ్యండి," అంది.

మూర్తి చేశాడు. విట్‌కాంబ్‌కు ఒక మెయిలు రాశాడు. ఎవరినీ నొప్పించకుండా, ఎవరి పేరూ ఎత్తకుండా, విషయం ఏమిటో కూడా బయటపడకుండా ఎంతో జాగ్రత్తగా రాశాడు. 'బాగుంది మూర్తీ, ఇలాగే కొనసాగించు' అని జవాబు వచ్చింది.

జూన్ వచ్చింది. కొండల మీది నుంచి కొలిమిలోంచి వచ్చినట్టు గాలి వీచే రోజులు. సమాయిల్ తోటల్లో ఖర్జూరాలు పండుతున్నాయి, నీళ్ల గిరాకీ పెరిగింది. మంచి చోట నీళ్లు దొరకడం ఆలస్యమవుతోందని యాసిర్ ఒక పాడుబడ్డ తోటలో మూత లేని బావి నుంచి తోడటం మొదలుపెట్టాడు. ఏ బ్లాకువాళ్లు వాసన చూసి గొడవ చేస్తే వాళ్లకు పాత చోటి నుంచే తెచ్చి, బావి నీళ్లు బీ బ్లాకుకు మళ్లించాడు. వారం తిరగకుండా బీ బ్లాకులో వాంతులు, విరేచనాలు. గదికి ఇద్దరు, ముగ్గురు పడిపోయారు. అంబులెన్సు వచ్చి వెళ్లింది, మళ్లీ వచ్చింది.

మేయరు కోసం చూస్తే మేయరు లేడు. గుండెల్లో ఎగశ్వాసగా ఉంది, సముద్రపు గాలి పడాలన్నారని సెలవు పెట్టి ఖబూరాలో దోస్తు దగ్గరికి వెళ్లాడు. అక్కడ సముద్రం ఒడ్డున చేపల వేపుడు ముందు కూర్చున్న ఫోటో ఎవరి ఫోన్లోనో కనిపించింది.

మూర్తి ఆసుపత్రికి వెళ్లాడు. ఇస్తారి చేతికి సెలైను పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు లోపలికి పోయాయి. నాటకం కోసం మొహానికి పూసిన బూడిద కంటే ఇది బాగా కుదిరింది. ఆ ఆలోచన వచ్చినందుకు మూర్తికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎలా ఉందోయ్?"

"బతికిన సార్. డాక్టరమ్మ మంచిది. మావోళ్లు ఇంకిద్దరు అవతలి గదిల ఉన్నరు, గా ముసలాయన సంగతే ఎట్లయితదో తెల్వదు." మెల్లిగా ఇటు తిరిగాడు. "సార్, నిజం చెప్పురి. నాటకంల నా తల ఒళ్లె పెట్టుకున్నడు గద గా మేయరు... అసలుకు అప్పుడు ఆయన యాడున్నడు?"

మూర్తి కిటికీలోంచి బయటికి చూశాడు. పార్కింగులో కార్లు, వాటి మీద ఎండ. "సరస్సు ఒడ్డున," అన్నాడు చివరికి. "ఊరి కోసం ప్రార్థన చేస్తున్నాడు."

ఇస్తారికి నవ్వు వచ్చింది. నవ్వితే కడుపు పట్టేసి, పళ్లు బిగించి పడుకున్నాడు. "నేను గట్లనే అనుకున్న," అన్నాడు.

ముసలాయన బతికాడు. అందరూ బతికారు. కాని బీ బ్లాకులో ఏదో మారిపోయింది. ఇస్తారి తిరిగి వచ్చిన మర్నాడు తెల్లారి, సైటు బస్సులు వచ్చి నిలబడితే ఒక్క మనిషి ఎక్కలేదు. కేకలు లేవు, జెండాలు లేవు. బకెట్లు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. బీ బ్లాకును చూసి సీ బ్లాకు, సీ బ్లాకును చూసి ఏ బ్లాకు. ఆ రోజు వంతెన స్లాబు పోయాలి. రెడీమిక్స్ లారీలు సైటులో కడుపులు తిప్పుకుంటూ నిలబడ్డాయి. సైటు ఇంజనీరు తారిఖ్ నిమిషానికొకసారి ఫోను చేసి, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, "మూర్తి భాయ్, కాంక్రీటు గడ్డకడుతోంది, మనుషులేరీ?" అని అరుస్తున్నాడు.

విట్‌కాంబ్ జుట్టు పీక్కున్నాడు. "వాళ్ల భాషలో మాట్లాడగలవు నువ్వు. వెళ్లి బస్సులు ఎక్కించు మూర్తీ. సాయంత్రం లోపల నీళ్ల సంగతి ఆలోచిస్తానని మాటివ్వు."

మూర్తి వెళ్లాడు. పుట్టి బుద్ధెరిగాక అంతమంది ఆయన వైపు ఒక్కసారిగా చూడటం అదే మొదలు. హైవే పక్కనే పోతున్న నీళ్ల లైను నుంచి క్యాంపుకు పైపు వేయడం సాధ్యం కాదని మూడేళ్లుగా ఆఫీసులో రాస్తూ వచ్చింది తానే. సాధ్యం కాకపోవడానికి కారణం ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక ఆయనా ఆలోచించలేదు. ఇస్తారి పక్కన ఖాళీ బకెట్ ఉంటే దాని మీద కూర్చున్నాడు.

"ఏమంటుండు సార్ ముదీరు?"

"సాయంత్రం ఆలోచిస్తాడట."

"ఎక్కమంటరా మరి?"

మూర్తి అటూ ఇటూ చూశాడు. ఆఫీసువాళ్లెవరూ దగ్గర్లో లేరని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. "ఎక్కకండి," అన్నాడు, పెదవులు కదలకుండా. "పైపు వేస్తానని అందరి ముందూ చెప్పేదాకా ఎక్కకండి. నేను చెప్పానని మాత్రం అనకండి."

సత్యనారాయణమూర్తి జీవితంలో చేసిన విప్లవం అంతే. చేసి, ప్యాంటు దులుపుకుని, విట్‌కాంబ్ దగ్గరికి వెళ్లి, "శాయశక్తులా ప్రయత్నించాను సార్, వినడం లేదు," అన్నాడు. గొంతు వణికింది, అది విశ్వాసం కొద్దీ వణికిందని విట్‌కాంబ్ అనుకున్నాడు.

మధ్యాహ్నానికి ఒక లారీ కాంక్రీటు పారబోయవలసి వచ్చింది. మనుషులు వాంతులు చేసుకుంటే కదలని కంపెనీ కాంక్రీటు పాడైతే తట్టుకోలేకపోయింది. విట్‌కాంబ్ స్వయంగా వచ్చి, పైపు వేయిస్తానని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నాలుగు రోజుల్లో పైపు పడింది. యాసిర్ ట్యాంకరు సమాయిల్ వెళ్లిపోయింది. పైపు దగ్గర చిన్న సభ పెట్టి, శిలాఫలకం మీద 'ఎజ్రా విట్‌కాంబ్ స్మారక నీటి సరఫరా' అని చెక్కించి, జనరల్ మేనేజరు కుళాయి తిప్పాడు. బకెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సంక్షోభ సమయంలో చూపిన చాకచక్యానికి మూర్తికి ఒక గాజు మెమెంటో ఇచ్చారు. శేషుకుమారి దాన్ని టీవీ పక్కన పెట్టింది. చాలా రోజుల తర్వాత ఆయన పళ్లెంలో అడగకుండానే రెండో గరిటె పులుసు పోసింది.

ఏడాది తిరిగి ఎన్నికలు వచ్చాయి. గొడవ సద్దుమణిగాక ఖబూరా నుంచి నలుపెక్కి, ఆరోగ్యంగా తిరిగి వచ్చిన వహీద్ మళ్లీ నిలబడ్డాడు. ముందురోజు గది గదికీ మటన్ బిర్యానీ పంపించాడు. మూర్తికి ముచ్చెమటలు పోశాయి. క్యాంపంతా బిర్యానీ తిన్నది. బాగుందని, ఉప్పు కాస్త తగ్గిందని చెప్పుకున్నారు. తిని చేతులు కడుక్కుని వెళ్లి ఇస్తారికి ఓట్లేశారు.

ఇస్తారి తాను నిలబడనని చివరిదాకా మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. వహీద్ కోటు తెచ్చి ఇవ్వబోతే, "నాకొద్దు అన్నా, గా కోటేసుకోని తాపీ పని ఎట్ల జేస్త?" అని తిప్పి పంపాడు. వహీద్‌కు మొదట రోషం వచ్చింది. తర్వాత బస్సులో ముందు సీట్లో ఎవరు కూర్చున్నా పట్టించుకోవడం మానేశాడు. దారిలో ఎవరైనా 'మేయర్ సాబ్' అని పిలిస్తే మాత్రం ఇప్పటికీ ఒకసారి హారన్ కొడతాడు.

కొత్త మేయరు మొదటి శుక్రవారం బీ బ్లాకు ముందు మంచం వేసుకుని కూర్చున్నాడు. మూర్తి కూడా, చూసిపోదామని వచ్చి, పక్కన కుర్చీలో టీ తాగుతున్నాడు. మనుషులు వరసగా నిలబడ్డారు. ఒకడికి గదిలోవాడి గురక. ఒకడికి మెస్సులో చేప వద్దు, కోడి కావాలి. ఇంకొకడు తన ఫోన్ ఛార్జరు ఎవడో ఎత్తుకుపోయాడని, మేయరు వచ్చి అందరి పెట్టెలూ వెతకాలని పట్టుబట్టాడు. వెనక ఇంకా మనుషులు వచ్చి చేరుతున్నారు.

ఇస్తారి మూర్తి వైపు వంగాడు. "సార్, దీంట్లకెళ్లి దిగిపోవాలంటే ఎట్ల దిగుతరు?"

"ఏడాది దాకా కుదరదోయ్."

ఇస్తారి గట్టిగా ఊపిరి వదిలి, తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆఁ, ఎవలది? గురకోడెవడు? వాన్ని గూడ పిల్వు, ఇద్దరు ముంగటికి రాండ్రి," అన్నాడు.